అడ్డికి పావుశేరుకి దొరికే చైనా షేరు: నమ్మొచ్చా?

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మూడేళ్లుగా ఒక యాప్ ద్వారా అమెరికా షేర్లు కొంటున్నాను. నాస్డాక్‌లో ఉన్న ఒక చైనా తయారీ కంపెనీ కంటపడింది. షేరు ధర 1.50 డాలర్లు, మొత్తం షేర్లు 4 కోట్లు, అంటే మార్కెట్ విలువ 6 కోట్ల డాలర్లు. 2024 లెక్కల ప్రకారం కంపెనీ దగ్గర నగదే 14 కోట్ల డాలర్లు ఉంది, అంతకుముందు ఏడాది 12 కోట్లు. బ్యాంకు అప్పు 5 కోట్లు. అమ్మకాలు 12 కోట్లు, లాభం 2 కోట్లు, కొనుగోలుదారుల నుంచి రావలసిన బాకీలు 7 కోట్లు. వడ్డీ ఆదాయం 2.6 లక్షలు, వడ్డీ ఖర్చు 25 లక్షలు. డివిడెండ్ ఎప్పుడూ ఇవ్వలేదు. కిందటేడాది 1.20 డాలర్ల చొప్పున కొత్త షేర్లు అమ్మి 80 లక్షల డాలర్లు తెచ్చుకుంది. ఆడిటర్ కూడా మారాడు. డాలస్‌లో ఉండే మా బావగారు ఒక వాట్సాప్ గ్రూపులో చూసి 1.60 చొప్పున 6,000 షేర్లు కొన్నారు. నన్నూ కొనమంటున్నారు. 5 లక్షల రూపాయలు పెట్టొచ్చా? ఇంత చవకగా ఎందుకుంది?

జవాబు: పెట్టొద్దు. కింద చెప్పే లెక్కలు మీరే స్వయంగా వేసి చూసుకుని, ప్రతి దానికీ కాగితం మీద జవాబు దొరికేదాకా ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు. మీరు రాసిన అంకెల్లోనే అనుమానించాల్సినవి మూడున్నాయి. వాటిని మీరు గమనించే రాశారు, కానీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడలేదు.

ముందు చవక సంగతి. అప్పు పోను 9 కోట్ల డాలర్ల నగదున్న కంపెనీ 6 కోట్లకు దొరుకుతోందంటే, ఎవరైనా దాన్ని మొత్తంగా కొనేసి, ఫ్యాక్టరీకి తాళం వేసినా 3 కోట్లు మిగలాలి. అలాంటి బేరాల కోసమే రోజంతా వెతికే ఫండ్లు న్యూయార్క్‌లో, హాంకాంగ్‌లో లెక్కలేనన్ని ఉన్నాయి. అవేవీ ముట్టుకోవడం లేదంటే కారణం మూడింటిలో ఒకటి. ఆ డబ్బు లేకపోవాలి. లేదా ఉన్నా తాకట్టులోనో, ఇంకొకరి ఖాతాలోనో ఉండాలి. లేదా డబ్బు నిజంగానే ఉండి, కంపెనీదే అయి, మీలాంటి వాటాదారు చేతికి ఎన్నటికీ రాకూడదు. మొదటిది పచ్చి మోసం. మూడోది పూర్తిగా చట్టబద్ధంగానే జరిగిపోవచ్చు. చాలామంది మొదటిదాని కోసమే వెతుకుతారు, మూడోదానికి దొరికిపోతారు.

చైనా షేర్లన్నీ ఒక గాటన కట్టకూడదని కూడా చెప్పాలి. 2020 అక్టోబర్‌లో 300 డాలర్లు దాటిన అలీబాబా 2022 అక్టోబర్‌లో 60 డాలర్ల దరిదాపులకు వచ్చింది. అది ప్రభుత్వ ఆంక్షల వల్ల, అమెరికా మార్కెట్ నుంచి తొలగిస్తారన్న భయం వల్ల వచ్చిన చవక. నగదు లేదని అక్కడ ఎవరూ అనలేదు. 2023లో ఆ కంపెనీ మొదటిసారి డివిడెండ్ కూడా ప్రకటించింది. మీరు అడుగుతున్నది వేరే జాతి చవక: చిన్న కంపెనీ, పెద్దగా ఎవరూ పట్టించుకోనిది, సొంత నగదు కంటే తక్కువ ధరకు అమ్ముడవుతున్నది.

ఇప్పుడు లెక్క. సరాసరి నగదు 13 కోట్లు (12, 14 కలిపి సగం). దాని మీద వచ్చిన వడ్డీ 2.6 లక్షలు. అంటే 0.2 శాతం. 2024లో చైనా పెద్ద ప్రభుత్వ బ్యాంకుల్లో ఏడాది డిపాజిట్ మీద 1.45 శాతంతో మొదలై, అక్టోబర్ నాటికి 1.10కి దిగింది. (2025 మేలో 0.95కి దిగింది. కాబట్టి ఏ సంవత్సరపు లెక్క చూస్తే ఆ సంవత్సరపు రేటే వాడాలి, ఇవాళ్టి రేటు కాదు.) ఎప్పుడంటే అప్పుడు తీసుకునే కరెంటు ఖాతా తరహా నిల్వల మీద 0.2 నుంచి 0.1 శాతం ఇచ్చారు. అంటే మీ కంపెనీ 13 కోట్ల డాలర్లను ఏడాది పొడవునా వడ్డీ రాని ఖాతాలో పడేసి ఉంచిందన్నమాట. లేదా ఏడాదిలో ఎక్కువ రోజులు దాని దగ్గర అంత డబ్బే లేదు, డిసెంబర్ 31 దగ్గర పడ్డప్పుడు ఎవరి దగ్గరో సర్దుకుని ఖాతా నింపి, జనవరిలో తిరిగి ఇచ్చేసింది. ఒక శాతం వడ్డీ లెక్కన వెనక్కి కట్టి చూడండి: 2.6 లక్షల వడ్డీ రావాలంటే 2.6 కోట్ల నగదు చాలు.

దీని పక్కన అప్పు లెక్క పెట్టండి. 5 కోట్ల అప్పు మీద 25 లక్షలు కడుతోంది, 5 శాతం. ఇంట్లో 14 కోట్లు మూలుగుతుంటే 5 శాతానికి అప్పెందుకు? ఆ అప్పు రేపే తీర్చేస్తే ఏడాదికి 25 లక్షలు మిగులుతాయి, నగదు ఇంకా 9 కోట్లుంటుంది. కొన్నిసార్లు దీనికి నిజమైన కారణం ఉంటుంది. చైనాలో సరఫరాదారులకు బ్యాంకు హామీతో హుండీలు (ఫలానా తేదీకి డబ్బు కడతామన్న పత్రాలు) ఇవ్వడం మామూలు, వాటికి బ్యాంకులు డిపాజిట్ పట్టి ఉంచుతాయి. డబ్బు ఒక అనుబంధ సంస్థలో, అప్పు మరో సంస్థలో ఉండొచ్చు. అలాగైతే వార్షిక నివేదికలో ‘ఆంక్షలున్న నగదు’ అని విడిగా చూపించాలి. చూపించకపోతే ఆ సాకు చెల్లదు.

భారీ నగదు, భారీ అప్పు రెండూ ఒకేచోట కనిపించడాన్ని చైనా మదుపరులే ఒక రోగలక్షణంగా చూస్తారు. కాంగ్‌డెషిన్ అనే ప్లాస్టిక్ ఫిల్ముల కంపెనీ పుస్తకాల్లో 1,500 కోట్ల యువాన్ల నగదు చూపిస్తూ, 2019 జనవరిలో 100 కోట్ల యువాన్ల బాండ్లు తీర్చలేక చేతులెత్తేసింది. 1,220 కోట్ల యువాన్లు ఒక్క బ్యాంకు శాఖలోనే ఉన్నాయని కంపెనీ చెప్పింది. ఆ ఖాతా మాతృసంస్థ ఖాతాతో ముడిపడి ఉంది. వచ్చిన డబ్బు వచ్చినట్టే పైకి వెళ్లిపోయేది, కాగితం మీద అంకె మాత్రం మిగిలేది. అదే ఏడాది ఏప్రిల్‌లో కాంగ్‌మెయ్ ఫార్మా తన 2017 లెక్కల్లో నగదును దాదాపు 2,990 కోట్ల యువాన్లు ఎక్కువ చూపినట్టు ఒప్పుకుంది.

వడ్డీ లెక్కకు ఒక లోపం ఉంది. అది తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్ ఛైర్మన్ రాసిన లేఖలో లేని నగదు 5,040 కోట్ల రూపాయలైతే, దాని మీద వచ్చినట్టు రాసుకున్న లేని వడ్డీ 376 కోట్లు. అబద్ధపు డిపాజిట్‌కు అబద్ధపు వడ్డీ కూడా పుట్టించవచ్చు. అందుకని వడ్డీ శాతం సరిపోయిందని ఆగిపోకుండా, ఆ వడ్డీ చేతికొచ్చిందా, ‘రావలసిన వడ్డీ’గా పేరుకుపోతోందా అన్నది చూడాలి. నగదు ప్రవాహాల పట్టికలోను, ‘ఇతర రాబడులు’ అనే పద్దు కింది నోట్‌లోను అది తెలుస్తుంది. సత్యంలో ఇంకో పాఠం: ఆడిటర్లు బ్యాంకు నిర్ధారణ పత్రాలను బ్యాంకు నుంచి నేరుగా తెప్పించుకోకుండా కంపెనీ చేతుల మీదుగా వచ్చినవాటిని నమ్మారు. చైనాలో లాంగ్‌టాప్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ విషయంలో బ్యాంకు శాఖలో పనిచేసేవాళ్లు ఇచ్చిన నిర్ధారణలే తప్పుడువని తేలాయి. 2011 మేలో డెలాయిట్ ఆడిటర్లు నేరుగా బ్యాంకు కేంద్ర కార్యాలయాలకు వెళ్లి అడగడం మొదలుపెట్టగానే కంపెనీ వాళ్లు అడ్డుపడి, ఆ కాగితాలు లాక్కున్నారు. ఆడిటర్లు రాజీనామా చేశారు. అమ్మకాలు అబద్ధం కాబట్టి వాటి వల్ల వచ్చిన నగదూ అబద్ధమేనని ఛైర్మన్ వాళ్లతో ఒప్పుకున్నట్టు ఆ రాజీనామా లేఖలోనే ఉంది. నగదు ఎక్కువ ఉండటం భద్రత అని మీరు అనుకుంటున్నారు. అమ్మకాలు సృష్టించినవాడు ఆ అమ్మకాల సొమ్మును ఎక్కడో ఒకచోట చూపించాలి కదా, అందుకే ఇలాంటి కంపెనీల్లో నగదు అంత లావుగా ఉంటుంది.

మీ అంకెల్లో మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టేది మాత్రం వడ్డీ కాదు, ఆ 80 లక్షల డాలర్లు. 1.20 చొప్పున 80 లక్షలంటే దాదాపు 66.7 లక్షల కొత్త షేర్లు. అప్పు పోను నగదు 9 కోట్లు, షేర్లు 4 కోట్లు, అంటే ఒక్కో షేరు వెనక 2.25 డాలర్లు. కొత్తవాళ్లకు కట్టబెట్టిన షేర్ల వెనక ఉన్న సొమ్ము కోటిన్నర డాలర్లు. కోటిన్నర ఇచ్చి 80 లక్షలు పుచ్చుకోవడమన్నమాట, అదీ ఇంట్లో 14 కోట్లు పెట్టుకుని! యజమానికి తన నగదు నిజమని తెలిస్తే ఈ బేరం చేయడు, ఎదురు తన షేర్లనే తిరిగి కొంటాడు. కంపెనీ లోపలి సంగతి మనకంటే బాగా తెలిసినవాడు ఏ ధరకు అమ్ముతున్నాడో చూడండి. నివేదికలో ఎన్ని పేజీలున్నా ఇంత సూటిగా చెప్పే పేజీ ఉండదు.

ఈ పరీక్షను ఐదేళ్లకు పొడిగించండి. ఒక కాగితం మీద రెండు గళ్లు గీయండి. ఒక గడిలో కంపెనీ వాటాదారుల నుంచి తీసుకున్నది: తొలి ఇష్యూ, కొత్త షేర్లు, వారెంట్లు (ముందే ఖాయం చేసిన ధరకు తర్వాత షేర్లు కొనుక్కునే హక్కులు), కన్వర్టబుల్ నోట్లు (తర్వాత షేర్లుగా మార్చుకోగలిగే అప్పు పత్రాలు). రెండో గడిలో వాటాదారులకు తిరిగి ఇచ్చింది: నిజంగా చెల్లించిన డివిడెండ్లు, నిజంగా కొన్న షేర్లు. ‘ఇంత కొంటాం’ అని చేసిన ప్రకటన లెక్కలోకి రాదు, నగదు ప్రవాహాల పట్టికలో కొన్నట్టు కనిపించాలి. రెండో గడి ఖాళీగా ఉండి మొదటి గడి ప్రతి ఏడాదీ నిండుతుంటే, అది లాభాలు సంపాదించే కంపెనీ కాదు, షేర్లు అచ్చువేసి అమ్ముకునే కంపెనీ. ఏటా మొత్తం షేర్ల సంఖ్య ఎంత పెరిగిందో కూడా రాయండి. షేర్ల విలీనం, అంటే పది షేర్లను ఒకటి చేయడం లాంటివి జరిగి ఉంటే పాత సంఖ్యల్ని దానికి తగ్గట్టు మార్చి రాయాలి, లేకపోతే పెరుగుదల కంటికి కనిపించదు. నాస్డాక్‌లో షేరు వరసగా 30 పనిదినాలు ఒక డాలరు కంటే కింద ఉంటే నోటీసు వస్తుంది, సరిదిద్దుకోవడానికి మామూలుగా 180 రోజులిస్తారు. ఈ విలీనాలు ఎక్కువగా ఆ గండం గట్టెక్కడానికే.

రావలసిన బాకీల మీద ఎక్కువ చెప్పక్కర్లేదు. 12 కోట్ల అమ్మకాల మీద 7 కోట్ల బాకీలంటే 213 రోజుల అమ్మకాలు. కొనుగోలుదారుడు ఏడు నెలలకు డబ్బు కడుతున్నాడు. అదే పరిశ్రమలో ఉన్న రెండు మూడు కంపెనీల సంఖ్యతో పోల్చండి. దాంతోపాటు ‘సరఫరాదారులకు ముందస్తు చెల్లింపులు’ అన్న పద్దు చూడండి. బయటికి వెళ్లిన డబ్బుకు సరుకు రాకుండా ఆ పద్దు ఏళ్ల తరబడి పెరుగుతుంటే, సొమ్ము ఎవరి జేబులోకి వెళుతోందో అడగాల్సిందే.

ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయంటే, అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ నడిపే ‘ఎడ్గార్’ అనే ఉచిత ఖజానాలో. చైనా కంపెనీలు ఎక్కువగా విదేశీ కంపెనీల కింద 20-ఎఫ్ అనే వార్షిక నివేదిక దాఖలు చేస్తాయి, ఏడాది ముగిసిన నాలుగు నెలల్లోపు. మధ్యలో ప్రకటనలు 6-కె పేరుతో వస్తాయి. వీటికి అమెరికా కంపెనీల్లా మూడు నెలలకోసారి 10-క్యూ దాఖలు చేయాల్సిన పని లేదు. ఆరు నెలలకోసారి మాత్రమే అంకెలొస్తుంటే, ఆ వ్యవధిలో చాలా జరిగిపోవచ్చని గుర్తుంచుకోండి. 20-ఎఫ్ రెండొందల పేజీలుంటుంది. మొదటి పేజీ నుంచి చదవద్దు. నాలుగో అంశంలో కంపెనీల అమరిక బొమ్మ, ఏడో అంశంలో పెద్ద వాటాదారులు, సంబంధీకులతో లావాదేవీలు, 15లో అంతర్గత నియంత్రణలు, 16-ఎఫ్‌లో ఆడిటర్ మార్పు, చివర లెక్కల నోట్లు. ఈ వరసలో చదివితే ఒక ఆదివారం చాలు. నివేదిక సకాలంలో రాలేదంటే ‘ఎన్‌టీ 20-ఎఫ్’ అనే ఆలస్యపు నోటీసు కనిపిస్తుంది. అది ఒకసారి పడితే కారణం చదవండి, రెండేళ్లు వరసగా పడితే ఆ కంపెనీని వదిలేయండి.

అమరిక బొమ్మ దగ్గర ఆగి నిదానంగా చూడాలి. మీరు కొనేది చైనాలో ఉన్న ఫ్యాక్టరీ వాటా కాదు, సాధారణంగా కేమన్ దీవుల్లో నమోదైన ఒక కాగితపు కంపెనీ వాటా. దాని కింద హాంకాంగ్ కంపెనీ, దాని కింద చైనాలో పూర్తి విదేశీ యాజమాన్యపు సంస్థ. ఇంతవరకు గీతలు నిండు గీతలుగా ఉంటే వాటా ఉన్నట్టు. అక్కడి నుంచి కిందికి చుక్కల గీత ఉంటే అది వాటా కాదు, ఒప్పందాలు మాత్రమే. దాన్నే వీఐఈ అంటారు. విదేశీ పెట్టుబడికి ఆంక్షలున్న ఇంటర్నెట్, విద్య లాంటి రంగాల్లో పెద్ద కంపెనీలు కూడా ఇలాగే నడుస్తాయి. కానీ మీది తయారీ కంపెనీ. తయారీకి ఈ చుక్కల గీత ఎందుకు కావాల్సి వచ్చిందన్నది మొదటి ప్రశ్న.

వాటా ఉన్నా అది జారిపోవచ్చు. పుడా కోల్ అనే బొగ్గు కంపెనీలో 2009లో ఛైర్మన్ అసలు వ్యాపారమున్న షాన్షీ సంస్థ వాటాను తన పేరు మీదకు మార్చేసుకున్నాడు. 2010లో అదే బొగ్గును చూపించి అమెరికాలో కొత్త షేర్లు అమ్మారు. 2011 ఏప్రిల్‌లో బయటపడేదాకా మదుపరుల చేతిలో ఉన్నది ఉత్త డొల్ల. ఆ మార్పిడి రహస్యంగా కూడా జరగలేదు, చైనా ప్రభుత్వ రిజిస్ట్రీలోనే నమోదై ఉంది, వెళ్లి చూసినవాడే లేడు. చైనాలో కంపెనీ అధికార ముద్ర ఎవరి దగ్గరుంటే, చట్టపరమైన ప్రతినిధిగా ఎవరి పేరుంటే వాళ్ల మాటే చెల్లుతుంది. బ్రిటన్ చిప్ డిజైన్ కంపెనీ ఆర్మ్‌కు చైనాలో ఉన్న సంస్థ ఆర్మ్ చైనా. దాని అధిపతిని 2020లో బోర్డు తొలగించింది. ముద్ర ఆయన దగ్గరే ఉండిపోవడంతో 2022 దాకా కదల్చలేకపోయారు. ఆర్మ్ అంతటి కంపెనీ పరిస్థితే అదైతే, 6,000 షేర్లున్న మనిషి ఎవరికి చెప్పుకుంటాడు?

ఇక పైకి వచ్చే డబ్బు. చైనా చట్టం ప్రకారం ఏటా లాభంలో 10 శాతం తప్పనిసరి నిధికి పోవాలి, అది నమోదిత మూలధనంలో సగానికి చేరేదాకా. మిగిలింది దేశం దాటేటప్పుడు 10 శాతం పన్ను (అర్హతలుంటే హాంకాంగ్ కంపెనీకి 5 శాతం). అంటే 100 డాలర్ల లాభంలో పైకి చేరగలిగింది 81, అదీ పంపాలన్న మనసుంటే. అసలు ఎంత చేరిందో తెలుసుకోవడానికి లెక్కల చివర్లో ‘మాతృసంస్థ మాత్రమే’ అన్న సంక్షిప్త పట్టిక వెతకండి. అనుబంధ సంస్థల ఆస్తుల్లో పైకి పంపడానికి వీల్లేనివి మొత్తం నికర ఆస్తుల్లో 25 శాతం దాటితే దాన్ని ఇవ్వడం తప్పనిసరి. అందులో కేమన్ కంపెనీ నగదు ఎంతుందో చూడండి. 14 కోట్లలో అక్కడున్నది 20, 30 లక్షలైతే, మీరు లెక్కపెట్టుకోవలసింది ఆ లక్షల్నే. సొంత ఖర్చులకు కూడా డబ్బు పైకి రాకనే ఆ 80 లక్షలకు షేర్లు అమ్మారేమోనన్న అనుమానం కూడా అక్కడే తీరుతుంది.

కాగితాల బయట చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. 20-ఎఫ్‌లో అనుబంధ సంస్థల చైనా పేర్లుంటాయి. చైనా ప్రభుత్వపు జాతీయ సంస్థల సమాచార వ్యవస్థలో ప్రతి కంపెనీకి 18 అక్షరాంకెల ఏకీకృత కోడ్ ఉంటుంది. విదేశాల నుంచి ఆ సైటు తరచూ తెరుచుకోదు, చీచాచా, త్యెన్‌యెన్‌చా అనే ప్రైవేటు సేవలు అదే సమాచారాన్ని ఇస్తాయి, అవీ బయటివాళ్లకు అంతంత మాత్రమే. దొరికితే వాటాదారుల పేర్లు, చట్టపరమైన ప్రతినిధి పేరు, వాటా తాకట్లు, కోర్టు కేసులు, ‘నమ్మకం తప్పిన రుణగ్రస్తుల’ జాబితాలో పేరుందా అన్నవి చూడండి. అమ్మకాల అంకెలను కంపెనీలు దాచుకునే వీలుంది కాబట్టి అవి కనిపించకపోతే తప్పు పట్టొద్దు. 2010లో రైనో ఇంటర్నేషనల్ అనే చైనా కంపెనీ కథ ఇలాగే బయటపడింది. అమెరికాలో 2009 అమ్మకాలు 19.3 కోట్ల డాలర్లని చెప్పింది, చైనాలో దాఖలు చేసిన కాగితాల్లో సుమారు 1.1 కోట్లు. అయితే పన్ను తగ్గించుకోవడానికి స్థానికంగా తక్కువ చూపే అలవాటు కూడా ఉంది. కాస్త తేడా వేరు, పదిహేడు రెట్ల తేడా వేరు.

చైనాలో వైద్యం చదివి వచ్చిన తెలుగు పిల్లలు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు. మీకు తెలిసినవాళ్లుంటే కంపెనీ చైనా వెబ్‌సైటు, ఉద్యోగ ప్రకటనలు, టావోబావ్, 1688 అనే చైనా ఆన్‌లైన్ అంగళ్లలో దాని సరుకు దొరుకుతోందా అన్నది గంటలో చూసి చెప్పగలరు. కానీ ఫ్యాక్టరీ బోర్డు కనిపించగానే నిశ్చింతగా ఉండొద్దు. లకిన్ కాఫీ దుకాణాలు నిజం, కాఫీ నిజం, అమ్మకాల్లో 220 కోట్ల యువాన్లు మాత్రం అబద్ధమని 2020 ఏప్రిల్ 2న తేలి, ఒక్కరోజులో షేరు దాదాపు 75 శాతం పడిపోయింది. దాన్ని ముందే పట్టుకున్న అజ్ఞాత నివేదిక వెనక 1,400 మందికి పైగా పార్ట్‌టైమ్ మనుషులు, 11,260 గంటల దుకాణాల వీడియో, 25 వేలకు పైగా రశీదులు ఉన్నాయి. మీకూ మాకూ అది సాధ్యం కాదు. అందుకే మనలాంటివాళ్లు అమ్మకాల నిజం తేల్చే పని మానేసి, డబ్బు ఎటు కదిలిందన్న దాని మీదే కూర్చోవాలి.

ఆడిటర్ సంగతి. పేరును అమెరికా ఆడిటర్ల పర్యవేక్షణ సంస్థ పీసీఏఓబీ సైటులో వెతికితే ఆ సంస్థకు ఎన్ని కంపెనీలున్నాయో, తనిఖీ నివేదికల్లో ఏం రాశారో తెలుస్తుంది. చైనా ఆడిట్ సంస్థలను పూర్తిగా తనిఖీ చేసే వీలు ఆ సంస్థకు 2022లోనే మొదటిసారి దొరికింది. 2023 మేలో బయటపెట్టిన ఫలితాల్లో కేపీఎంజీ హువాజెన్‌లో చూసిన 4 ఆడిట్లలో నాలుగింటిలోనూ, పీడబ్ల్యూసీ హాంకాంగ్‌లో చూసిన 4లో మూడింటిలోనూ లోపాలు దొరికాయి. లోపమంటే మోసం కాదు, తగినంత ఆధారం సేకరించకుండా సంతకం పెట్టారని. ఎవర్‌గ్రాండ్ అనే చైనా రియల్ ఎస్టేట్ కంపెనీ ప్రధాన సంస్థ 2019, 2020లో కలిపి 56,400 కోట్ల యువాన్ల ఆదాయం ఎక్కువ చూపిందని చైనా నియంత్రణ సంస్థ 2024లో తేల్చింది, ఆ లెక్కల మీద సంతకం పెద్ద ఆడిట్ సంస్థదే. కాబట్టి పెద్ద పేరుంటే ధైర్యం పడొద్దు. పెద్ద పేరు పోయి ఎవరూ వినని చిన్న పేరు వచ్చిందా, అదీ నివేదిక గడువుకు రెండు మూడు నెలల ముందు వచ్చిందా, అదే సమయంలో ఆర్థిక వ్యవహారాల అధిపతి కూడా మారాడా అన్నది చూడండి. ఈ మూడూ కలిస్తే ఇక లెక్కలు చూడక్కర్లేదు.

అంతా నిజమైనా మీకేమీ మిగలని సందర్భం ఒకటుంది. ధర బాగా పడ్డాక యజమానులే కంపెనీని కొనేసి మార్కెట్ నుంచి తీసేస్తారు. కేమన్ చట్టంలో విలీనానికి మూడింట రెండొంతుల ఓట్లు చాలు, యజమాని ఓట్లూ అందులో లెక్కే. చీహూ 360 అనే చైనా ఇంటర్నెట్ కంపెనీని 2016లో సుమారు 930 కోట్ల డాలర్లకు అలా తీసుకెళ్లి, 2018లో షాంఘైలో మళ్లీ నమోదు చేస్తే విలువ ఎన్నో రెట్లు పలికింది. పాత అమెరికా వాటాదారులకు అందులో దమ్మిడీ రాలేదు. మీరు 2.25 అనుకుని 1.50కి కొన్న షేరును 1.90కి లాక్కుంటే కోర్టుకెళ్లొచ్చు, కానీ కేమన్ కోర్టులో లాయరు ఖర్చు మీ పెట్టుబడిని ఎప్పుడో మించిపోతుంది.

వాట్సాప్ గ్రూపు గురించి గట్టిగా చెప్పాలి. ఈమధ్య చిన్న చైనా, హాంకాంగ్ షేర్లను గ్రూపుల్లో ‘గురువులు’ ఊరించి, జనం చేత కొనిపించి, పైధరకు తమవి వదిలించుకోవడం ఒక పరిశ్రమగా మారింది. చైనా లిబరల్ ఎడ్యుకేషన్ షేరు విషయంలో అమెరికా న్యాయశాఖ 2025లో 21 కోట్ల డాలర్లకు పైగా స్వాధీనం చేసుకుని, కేసులు పెట్టింది. చైనాలో వ్యాపారమున్న కంపెనీలు తొలి ఇష్యూలో కనీసం 2.5 కోట్ల డాలర్లు సమీకరించాలని 2025 సెప్టెంబర్‌లో నాస్డాక్ ప్రతిపాదించింది కూడా ఈ బెడద వల్లే. బావగారిని మూడు సంగతులు అడగండి: గ్రూపులో ఎవరు చేర్చారు, ఫలానా ధరకు ఫలానా సమయానికి కొనమన్నారా, కొన్నాక స్క్రీన్‌షాట్ అడిగారా. మూడో ప్రశ్నకు ఔనంటే వాళ్లు లెక్కపెడుతున్నది తమ షేర్లు ఎంతమందికి అంటగట్టామన్నదే.

కంపెనీకి ఒక ఉత్తరం రాసి చూడండి. మదుపరుల విభాగం చిరునామా 20-ఎఫ్ మొదటి పేజీల్లో ఉంటుంది. అడగాల్సినవి: 14 కోట్ల నగదు ఏయే బ్యాంకుల్లో, ఏయే సంస్థల పేరిట, ఎంత కాలపు డిపాజిట్లలో ఉంది, 5 కోట్ల అప్పును ఎందుకు తీర్చలేదు, నగదు ఉండగా 1.20కి షేర్లు ఎందుకు అమ్మారు, కొన్నది ఎవరు; కేమన్ స్థాయిలో ఎంతుంది; గత ఐదేళ్లలో చైనా నుంచి పైకి ఎంత పంపారు. నిజాయతీ ఉన్న చిన్న కంపెనీ వారం పది రోజుల్లో ఏదో ఒకటి రాస్తుంది, కనీసం నివేదికలో ఏ పేజీ చూడాలో చెబుతుంది. ‘విస్తరణ ప్రణాళికల కోసం నగదు ఉంచుకున్నాం’ అన్న ఒక్క వాక్యం వస్తే, ఆ విస్తరణ ఎంత ఖర్చయిందో కిందటి మూడేళ్ల నివేదికల్లో వెతకండి.

అన్నిటికీ జవాబులు దొరికినా, ఇలాంటి షేరులో మీ మొత్తం పెట్టుబడిలో 1 శాతానికి మించి పెట్టొద్దు. పెడితే ఏటా ఆదాయపు పన్ను రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టికలో చూపించడం మరవొద్దు, షేరు సున్నా అయినా సరే.

బావగారి సంగతి ఆలస్యం చేయకండి. ఆయన 9,600 డాలర్లు పెట్టారు, ఇప్పుడు 9,000 ఉంది. రోజుకు ఎన్ని షేర్లు చేతులు మారుతున్నాయో ముందు చూడమనండి. ఇలాంటి షేర్లలో అది 30, 40 వేలు మించకపోవచ్చు. 6,000 షేర్లను ఒక్కసారిగా ‘మార్కెట్ ధరకు’ అమ్మేయమంటే ధర కాళ్ల కింద నేల జారినట్టు పడిపోతుంది. మార్కెట్ తెరిచి ఉన్న మామూలు వేళల్లో, వెయ్యి, వెయ్యిన్నర చొప్పున, తాను ఒప్పుకునే కనీస ధర పెట్టి లిమిట్ ఆర్డర్లతో అమ్మాలి. ఉదయం తెరిచిన మొదటి పావుగంట వదిలేయాలి. నష్టం వస్తే అమెరికా పన్ను లెక్కలో ఇతర లాభాల నుంచి తీసేసుకోవచ్చు, లాభాలు లేకపోతే ఏడాదికి 3,000 డాలర్ల దాకా జీతం లాంటి ఆదాయం నుంచి తగ్గించుకోవచ్చు. అమ్మిన 30 రోజుల్లోపు అదే షేరు మళ్లీ కొంటే మాత్రం ఆ నష్టం అప్పటికి లెక్కలోకి రాదు. ఇక ఆ గ్రూపులోంచి బయటికొచ్చాక ‘మీ నష్టాన్ని వసూలు చేసి పెడతాం, ముందు కొంత ఫీజు కట్టండి’ అంటూ ఫోన్లు రావచ్చు. ఆయన నంబరు అమ్మిందీ ఆ గ్రూపు వాళ్లే అయ్యుంటుంది, ఒక్క డాలరు కూడా పంపొద్దని చెప్పండి.